బుడ్డల చేనూ అర్థశాస్త్రమూ

ఆదోని కాలేజీలో నేను మామూలు విద్యార్థిగా చదివింది ఒక్క ఏడాదే. ఎనభైల మొదట్లో సంగతి. మొదటి సంవత్సరం ఇంగ్లీషు పరీక్ష మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పాను. మూడోసారి తప్పిన రోజు మా నాయన నన్ను ఏమీ అనలేదు. ఆయన దూదేకి పరుపులు కుట్టేవాడు. పని మధ్యలో తలెత్తి నన్ను చూసి, పక్కనున్న సూదీ దారమూ నా వైపు జరిపాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. మరుసటి రోజు నుంచి నేనూ ఆయన పక్కన కూర్చుని పరుపులు కుట్టడం మొదలుపెట్టాను.

అట్లా రెండేళ్ళు గడిచాయి. అప్పుడే, కాలేజీకి రోజూ పోకుండా ఇంట్లో చదువుకుని డిగ్రీ పరీక్షలు రాసే పద్ధతి కొత్తగా వచ్చింది. పాఠాల పుస్తకాలు పోస్టులో వస్తాయి, ఆదివారాలు మాత్రం క్లాసులుంటాయి. అంతకుముందు ఏం చదివారని కూడా పెద్దగా అడగరు, ప్రవేశ పరీక్ష ఒకటి రాస్తే చాలు. మా అమ్మ పట్టుబట్టి నాచేత ఆ పరీక్ష రాయించింది.

ఆదివారం క్లాసులు పెట్టింది నేను తప్పిన కాలేజీలోనే. మొదటిరోజు గదిలోకి పోయి చూస్తే నా ఈడు వాళ్ళు ఒక్కరూ లేరు. బస్సు కండక్టరు ఒకాయన, ఇద్దరు నర్సులు, ఒక పోలీసు కానిస్టేబులు, మిలిటరీ నుంచి వచ్చేసిన పెద్దాయన. అందరూ నాకన్నా కనీసం పదేళ్ళు పెద్దవాళ్ళు. నా తోటివాళ్ళు డిగ్రీలు ముగించి ఊళ్ళు దాటి పోతుంటే నేను ఈ ముసలివాళ్ళ మధ్య కూర్చోవాల్సి వచ్చిందే అని సిగ్గుపడ్డాను. ఎవరికీ కనబడకుండా ఆఖరి బెంచీలో గోడవైపు కూర్చున్నాను.

క్లాసు మొదలైన అరగంటకు ఒకామె లోపలికి వచ్చింది. నలభై ఆరేళ్ళుంటాయి. కాళ్ళ నిండా దుమ్ము, చేతిలో గుడ్డసంచి. గదంతా ఒకసారి చూసి నేరుగా నా బెంచీ దగ్గరికి వచ్చింది.

“కొంచెం జరుగప్పా” అంది.

కాలేజీలో ఊడ్చే పనికి వచ్చిన మనిషి అనుకున్నాను. “అమ్మా, ఇది డిగ్రీ క్లాసు” అన్నాను మెల్లగా.

“తెలుసు. గోనెగండ్ల నుంచి రెండు బస్సులు మారి రావల్ల. ఎమ్మిగనూరులో బస్సు లేటయింది. ఏ పాఠం జరుగుతాంది?” అని సంచిలోంచి పుస్తకం తీసింది. నేను జరిగాను.

మధ్యాహ్నం వసారాలో సద్దిమూటలు విప్పినప్పుడు ఆమె తన గురించి చెప్పింది. గోనెగండ్ల దగ్గర ఒక పల్లె. ఊహ తెలిసినప్పటి నుంచీ చేన్లలో కూలిపనే. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేవరకూ అక్షరం తెలియదు. డెబ్బైల చివర్లో ఆ ఊరికి వయోజన విద్య బడి వచ్చింది. అందులో చేరి నేర్చుకుంది. చదువు చెప్పే పంతులు రెండేళ్ళకు వేరే ఉద్యోగం దొరికి పోతే, ఆ పని ఈమె చేతికే వచ్చింది. ఊర్లో ఆడవాళ్ళకు తనే చదువు చెప్పసాగింది.

“మరి డిగ్రీ ఎందుకు?” అని అడిగాను. ఆ ప్రశ్నలో కొంచెం వెటకారం ఉండిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

“మా ఆడోళ్ళు పుస్తకమంతా సదివేసినారు. ఆఖరి పాఠం అయిపోయినాక, ఇంక ఏముంటాదక్కా సదివేదానికి అని అడిగినారు. నాకు తెల్దు. తెలుసుకొని పోదామని వచ్చినా.”

నేను పెద్దమ్మా అని పిలిస్తే ఒప్పుకోలేదు. “ఇద్దరమూ ఫస్టియరే గదా. అక్కా అను” అంది. ఆమె చర్చికి పోయే మనిషి. ఆదివారం ప్రార్థన మానుకుని క్లాసుకు వస్తే పాస్టరయ్య ఏమీ అనడా అని ఒకసారి అడిగాను. “అన్న్యాడు. దేవుడు వారమంతా ఉంటాడయ్యా, ఈ క్లాసు ఆదివారం మాత్రమే ఉండేది అని సెప్పినా. నవ్వి ఊరుకున్న్యాడు” అంది.

ఆమె బాగా చదివేది, కానీ రాయడం చాలా నిదానం. కలుపు తీసే కొడవలిని పట్టినట్టు కలాన్ని గట్టిగా పట్టుకుని ఒక్కో అక్షరాన్నీ చెక్కినట్టు రాసేది. నాది ఉరుకు రాత. జ్ఞాపకం కూడా మంచిదే. పేజీ రెండుసార్లు చదివితే కళ్ళు మూసుకుని అప్పజెప్పగలను. చదువంటే అదేనని నా నమ్మకం. క్లాసులో లేచి ప్రశ్న అడగడం అంతవరకూ నా జన్మలో లేదు.

ఆమె మాత్రం అడిగేది. అర్థశాస్త్రం చెప్పే లెక్చరరు ఇంకా ముప్పై నిండని మనిషి. కర్నూలు నుంచి వచ్చాడు. ఒక ఆదివారం ఆయన నిరుద్యోగం గురించిన పాఠం మొదలుపెట్టి ఇట్లా చెప్పాడు.

“ఒక చేనుకు నలుగురు మనుషులు చాలు. కానీ ఆ ఇంట్లో ఆరుగురున్నారు. వేరే పని లేదు కాబట్టి ఆరుగురూ అదే చేనులో పని చేస్తారు. చూడడానికి అందరూ పనిలో ఉన్నట్టే ఉంటుంది. కానీ ఇద్దరిని తీసేసినా దిగుబడి ఏమీ తగ్గదు. ఆ ఇద్దరి ఉపాంత ఉత్పాదకత శూన్యం. దీన్నే ప్రచ్ఛన్న నిరుద్యోగిత అంటారు. రాసుకోండి.”

అందరం రాసుకుంటున్నాం. ఆమె లేచి నిలబడింది.

“సార్, ఆ ఇద్దరు యావరు సార్?”

“ఎవరైనా కావచ్చమ్మా.”

“యావరైనా అంటే ఎట్ల సార్? తీసెయ్యల్లంటే ఫలానా మనిషని ఉండల్ల గదా.”

ముందు బెంచీలోంచి కానిస్టేబులు వెనక్కి తిరిగి, “ముందు మీ ఆయన్ను తీసెయ్‌మ్మా, ఇంకొకరి సంగతి తరవాత సూద్దాం” అన్నాడు. గది గొల్లుమంది. నేను కూడా నవ్వాను. ఆమె పక్కనే కూర్చుని, అందరికన్నా కొంచెం గట్టిగానే నవ్వాను. లెక్చరరు బల్లమీద డస్టరుతో రెండుసార్లు కొట్టి, “ఇది సిద్ధాంతం. పరీక్షకు పుస్తకంలో ఉన్నది రాస్తే సరిపోతుంది” అని తరువాతి పేరాకు పోయాడు. ఆమె కూర్చుని, ప్రచ్ఛన్న నిరుద్యోగిత అనే మాటను తన నోటుబుక్కులో అక్షరం అక్షరంగా రాసుకుంది.

సాయంత్రం క్లాసు అయ్యాక ఆమెను బస్టాండు వరకు దిగబెట్టి ఇంటికి పోవడం నాకు అలవాటు. ఆ రోజు మేం చేరేసరికి ఎమ్మిగనూరు బస్సు ఇంకా రాలేదు. అరుగు మీద కూర్చున్నాక అంది.

“నువ్వు గూడా నవ్వినావు.”

“అందరూ నవ్వితే నవ్వొచ్చింది అక్కా.”

“అందరి సంగతి నాకెందుకప్పా. నా పక్కన కూకున్నోనివి నువ్వు. నీకు ఆ పాఠం తెలిసినట్టుండాది, నాకు సెప్పు.”

నేను గడగడా అప్పజెప్పాను. ఆమె ఆఖరి వరకూ విన్నది.

“సారు సెప్పిందే నువ్వూ సెప్పినావు. ఆ ఇద్దరు యావరో నువ్వూ సెప్పలేదు.”

“అది లెక్క కోసం చెప్పేది అక్కా. మనుషుల గురించి కాదు.”

“చేన్లో పని చేసేది మనుషులు గాదా?” అంది. నోటుబుక్కు సంచిలో పెట్టుకుని, “దసరా అయినాక మావోళ్ళు బుడ్డలు పెరుకుతారు. ఒకరోజు రా. నీ కండ్లతో సూసి, ఈళ్ళిద్దరూ దండగ అని సెప్పు. నేను ఒప్పుకుంటా” అంది. బస్సు వచ్చింది. ఎక్కిపోయింది.

వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. జీవితమంతా తిన్నానే గానీ, చేన్లో వాటిని పెరకడం నేను చూడలేదు. ఆదోనిలో పుట్టి పెరిగిన నాకు తెలిసింది పత్తే, అదీ మిల్లు దాటి వచ్చిన పత్తి. పోవాలా వద్దా అని వారం రోజులు తటపటాయించాను. నవ్విన సంగతి లోపల గుచ్చుతూనే ఉంది. చివరికి ఒక నోటుబుక్కు చంకన పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను.

వాళ్ళది మూడెకరాల మెట్ట చేను. నేను పోయేసరికి పని సాగుతోంది. ఆమె మరిది, అతని భార్య, వాళ్ళ కొడుకు, కోడలు, ఈమె. గట్టు మీద చేతికర్ర పట్టుకుని ముసలావిడ ఒకామె కూర్చుని ఉంది, అక్కకు అత్త. సరిగ్గా ఆరుగురు. పుస్తకంలో లెక్క కళ్ళ ముందు ఉన్నట్టనిపించి లోలోపల సంతోషపడ్డాను. గట్టు మీద కూర్చుని ఎవరు ఏం చేస్తున్నారో రాయడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నానికి నా ఇద్దరూ దొరికారు. మొదటిది ముసలావిడ. అప్పుడప్పుడూ లేచి చేన్లో కర్ర పొడుచుకుంటూ తిరిగి, ఒక చెట్టు పెరికి, ఒక బుడ్డ కొరికి, మడమతో నేల నొక్కి చూసి మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. రెండోది కోడలు పిల్ల. గంటసేపు పని చేస్తుంది, మళ్ళీ ఇంటికి పోతుంది, మళ్ళీ వస్తుంది. ఈ ఇద్దరి పేర్లకు ఎదురుగా గీత గీశాను.

మధ్యాహ్నం దాటాక ఒక సంగతి జరిగింది. పొద్దున ముసలావిడ నేల తడి నొక్కి చూసి, త్వరగా ఆరిపోయే మిట్టమీద ముందు పెరకమని చెప్పిందట. మరిది ఆ మాట పట్టించుకోకుండా దగ్గరగా ఉందని పల్లంలో మొదలుపెట్టాడు. పల్లం అయ్యి మిట్టమీదికి వచ్చేసరికి ఎండకు నేల బిగుసుకుపోయింది. చెట్టు పట్టుకుని లాగితే ఆకూ కాడా చేతికి వస్తున్నాయి గానీ బుడ్డలు మట్టిలోనే ఉండిపోతున్నాయి. మరిది రెండు మూడుసార్లు లాగి చూసి నిలబడిపోయాడు. ముసలావిడ గట్టు దిగి వచ్చి, కూలబడి, కొడవలి మొనతో మట్టి పెళ్ళగించి ఒక్కో బుడ్డా ఏరడం మొదలుపెట్టింది. తర్వాత అందరూ అదే పని చేశారు. నేను కూడా నోటుబుక్కు పక్కన పెట్టి చేశాను. అరగంటకే నా గోళ్ళలోంచి రక్తం వచ్చింది.

ఆ మధ్యలో కోడలు పిల్ల కడవతో నీళ్ళు తెచ్చింది. బావి ఊరికి అవతలి పక్క ఉందట. ఇంటికి పోయిన ప్రతిసారీ ఆమె పసిబిడ్డకు పాలిచ్చి, అందరికీ సంకటి గెలికి, తిరిగి వచ్చేటప్పుడు కడవ నింపుకుని వస్తోంది. ఆ నీళ్ళు రాకపోతే ఆ ఎండలో మిగతా అయిదుగురిలో ఎవరూ వంగేవాళ్ళు కాదు.

పొద్దు వాలినప్పుడు అక్క నా పక్కన వచ్చి కూర్చుంది.

“ఇప్పుడు సెప్పప్పా. యావర్ని తీసేద్దాం?”

“ఈ రోజుకైతే ఎవర్నీ తీసేదానికి లేదక్కా” అన్నాను.

ఆమె గెలిచినట్టు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా నోటుబుక్కు తీసుకుని, నేను గీతలు గీసిన పేజీని నిదానంగా చదివింది. అప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. పుస్తకం పూర్తిగా అబద్ధం చెబుతుందా అని. పాఠంలోనే ఆ తరువాతి పేజీలో ఇంకొక మాట ఉంది. నేను బట్టీ పట్టినదే కానీ ఎన్నడూ ఆలోచించనిది.

“బుడ్డలయిపోయినాక ఏం చేస్తారక్కా? ఎండాకాలంలో ఈ ఆరుగురికీ ఏం పని ఉంటాది?”

“ఏముంటాది. ఏముండదు. సుగ్గికి పోతారు.”

ఊర్లో పని లేనప్పుడు మూటాముల్లె కట్టుకుని, ఇంటికి తాళం వేసి, పని ఉన్న దూరపు ఊళ్ళకు పోవడాన్ని అక్కడ సుగ్గికి పోవడమంటారు.

“పుస్తకంలో దానికి వేరే పేరుందక్కా. ఋతు సంబంధమైన నిరుద్యోగిత. కొన్ని నెలలు అందరికీ చేతినిండా పని, కొన్ని నెలలు ఒక్కరికీ ఉండదు. మనుషులు ఎక్కువై కాదు, నెలలు ఖాళీ అయ్యి.”

ఆమె చేన్లో కుప్పల వైపు తిరిగింది. తర్వాత చెప్పింది, ఎవరి గురించో చెబుతున్నట్టు. పదకొండేళ్ళ కిందట ఆమె భర్త అట్లాగే ఎండాకాలంలో కర్ణాటక వైపు కాలువ పనికి పోయాడు. ఆమెకు ఒళ్ళు బాగాలేక ఊర్లోనే ఉండిపోయింది. అక్కడ అతనికి జ్వరం వచ్చింది. తోటివాళ్ళు నాలుగు రోజులు చూశారు. అయిదో రోజు అక్కడే పూడ్చిపెట్టి వచ్చి ఈమెకు చెప్పారు.

“ఆ మూడు నెల్లూ ఈడ పనుండింటే పోయేటోడు గాదు. దానికి పుస్తకంలో పేరుందని నాకు ఇయ్యాళ తెలిసింది. పేరుందంటే, మా ఒక్క ఇంట్లో జరిగింది గాదు, శానా ఊర్లల్లో ఉన్నట్టే గదా.”

కానిస్టేబులు మాట, నా నవ్వు, రెండూ అప్పుడు నా చెవిలో మోగాయి. తప్పయిందని నేను చెప్పేలోపే ఆమె లేచి కొంగు దులుపుకుని, “పా, సంకటి తినిపో. బస్సుకు ఇంకా టైముండాది” అంది.

ఆ రోజు తర్వాత నేను చదివే పద్ధతి మారింది. ఒక్కసారిగా కాదు. పుస్తకంలో ఏదైనా వాక్యం వస్తే, ఇది అక్కకు ఎట్లా చెప్పాలి అని ముందు ఆలోచించడం అలవాటైంది. చెప్పలేకపోతే నాకు తెలియదన్నమాట. అట్లా చూస్తే నాకు తెలియనివి చాలా ఉన్నాయని బయటపడింది.

అన్నిటికన్నా ఎక్కువగా బయటపడింది ఇంగ్లీషులో. ఆమెకు ఇంగ్లీషు నేను చెప్పాలి, నాకు ఆమె అర్థశాస్త్రంలోకి ఊరిని తెచ్చివ్వాలి అని ఒప్పందం చేసుకున్నాం. మూడుసార్లు తప్పినవాణ్ణి నేను చెప్పడమేమిటి అంటే, “నాకు అసలు రాదు గదా. నీకు తప్పేంతయినా వచ్చు” అంది. ప్రతి ఆదివారం క్లాసుకు గంట ముందు వసారాలో కూర్చునేవాళ్ళం.

ఒకనాడు ఆమె పాఠంలో ‘ది’ అనే మాటలన్నిటి కింద పెన్సిలుతో గీతలు గీసుకుని వచ్చింది.

“ఈ ‘ది’ ఎందుకప్పా? ప్రతి లైన్లో ఉండాది. తీసేసి సదివి సూసినా, ఏం తగ్గలేదు. ఇది గూడా పనిల్యాకుండా నిలబడిండాదా?”

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ నాకు జవాబు తెలియలేదు. ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పకుండా ఊహమీద పెడుతూ వచ్చాను, అందుకే తప్పుతూ వచ్చాను. వారమంతా పరుపులు కుడుతూ దాని గురించే ఆలోచించాను. తరువాతి ఆదివారం ఆమెకు ఇట్లా చెప్పాను.

“ఒక బస్సు వచ్చింది అంటే ఏ బస్సో నీకు తెలియదు. ఆ బస్సు చెడిపోయింది అంటే, ఇంతకుముందు మనం అనుకున్న బస్సే. మన ఇద్దరికీ తెలిసినదాని ముందు ‘ది’ పెడతారక్కా.”

“అంటే ‘ది’ అనేది ఇద్దరి మధ్య గుర్తు” అంది ఆమె. ఏ వ్యాకరణ పుస్తకంలోనూ నాకు అంత తేలికగా దొరకలేదు ఆ మాట.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆమె రాత వేగం పెంచాలని నేను పట్టుపట్టాను. మధ్యాహ్నం సద్ది తిన్నాక తల ఎత్తకుండా ఒక పేజీ రాయించేవాణ్ణి. బొటనవేలు నొప్పి పుడుతోందని గుడ్డ చుట్టుకుని రాసేది. పరీక్షలో పుస్తకంలో ఉన్నంత రాయి, ఊరి సంగతులు రాయకు, అయిదు ప్రశ్నలూ రాయడం ముఖ్యం అని పదే పదే చెప్పాను. సరేనంది.

అర్థశాస్త్రం పరీక్షలో మొదటి ప్రశ్నే వ్యవసాయ రంగంలో నిరుద్యోగిత. నేను రెండు వరసల వెనక ఉన్నాను. ఆమె వీపు కనబడుతోంది. మొదటి గంట, రెండో గంట, ఆమె తల ఎత్తలేదు. నేను నాలుగో ప్రశ్నలో ఉన్నప్పుడు కూడా ఆమె పేజీ మీద అదే వంపులో వంగి రాస్తూనే ఉంది. నాకు భయం పట్టుకుంది. పిలిచి చెప్పే వీలు లేదు. మూడు గంటలు అయిపోయాయి. ఆఖరి గంట కొట్టాక ఆమె బయటికి వచ్చి, “రెండు ప్రశ్నలు రాసినా” అంది. ముఖంలో దిగులు లేదు. పని ముగించిన మనిషిలాగా ఉంది.

వేసవి చివర్లో ఫలితాల కాగితం కాలేజీ గోడమీద అంటించారు. నేను అన్నిటిలో పాసయ్యాను, ఇంగ్లీషులో కూడా. ఆ నంబరును మూడుసార్లు చూసుకున్నాను. తర్వాత ఆమె నంబరు వెతికాను. ఇంగ్లీషులో పాసయింది. అర్థశాస్త్రంలో తప్పింది.

ఇంటికి పోయి చెబితే మా నాయన చేతిలో పని ఆపి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుసు. కానీ ఆ సంతోషం పూర్తిగా నాది కాదనిపించింది. అన్నం తిని వెంటనే ఎమ్మిగనూరు బస్సెక్కాను.

వానలకు ముందు చేను బాగుచేసే రోజులు, ఆమె చేన్లో కంప ఏరుతోంది. నన్ను చూడగానే విషయం తెలిసిపోయింది.

“ఇంగిలీసేనా?” అంది.

“ఇంగ్లీషు పాసయినావక్కా. అర్థశాస్త్రం పోయింది.”

“నంబరు సరిగ్గా సూసినావా?” అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. “నాకు తెలిసినదాంట్లోనే తప్పినానా” అంది మెల్లగా.

“నేను ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండాల్సింది.”

“నువ్వు సెప్పినావు. నేనే ఇన్లేదు. ఆ ప్రశ్న సూస్తానే మా అత్త కండ్ల ముందరికి వచ్చింది. మా ఇంటాయన వచ్చినాడు. ఇంక నిలబెట్టేదానికి కాలేదప్పా.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఇట్ల రాయాలని ఇన్నాళ్ళూ లోపల ఉన్నట్టుండాది. రాసేసినా. పాసుకు గాదు ల్యా అది.”

ఆ ఏడు క్లాసులు మళ్ళీ మొదలైన ఆదివారం ఇద్దరం లెక్చరరు దగ్గరికి పోయాం. ఏం రాసిందో ఆమె ఆయనకు చెప్పింది. ఆయన తలదించుకుని విన్నాడు.

“పోయినేడు మీరు అడిగిన ప్రశ్నకు నాకు జవాబు తెలియలేదు” అన్నాడు. “తెలియదని చెప్పడానికి నామోషీ అయింది. దాదాపు అందరూ నాకన్నా పెద్దవాళ్ళే కూర్చుని ఉన్నారు. తెలియదంటే నా మాట ఎవరూ వినరనుకున్నాను.”

“మీరు సెప్పింటే నేను ఇంకా బాగా ఇనేదాన్ని సార్” అంది ఆమె.

ఆయన ఒక కిటుకు చెప్పాడు. పుస్తకం మాట ముందు ఒక పేజీ, మీరు చూసింది తర్వాత అరపేజీ, అక్కడ ఆపేసి రెండో ప్రశ్నకు పోవాలి. అది చెప్పి, “ఆ అరపేజీ ఇప్పుడు నాకు చెప్పండి” అని మా బెంచీలో కూర్చుని కలం తీశాడు. మిట్ట, పల్లం, నేల తడి, కడవ నీళ్ళు, సుగ్గి, అన్నీ రాసుకున్నాడు. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద, ఆమెకన్నా చాలా చిన్న. ఆ గంటలో మా ముగ్గురిలో ఎవరు ఎవరికి చదువు చెబుతున్నారో నాకు అంతుబట్టలేదు. ఇన్నేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాక, అంతుబట్టకపోవడమే మంచిదని తెలిసింది.

ఆమె రెండోసారి పాసయింది. నేను మూడేళ్ళలో డిగ్రీ ముగించి, ఆ తర్వాత ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసి, నందవరం వైపు ఒక బడిలో చేరాను. ఎమ్మిగనూరులో గది తీసుకున్నాను. ఆమెకు డిగ్రీ చేతికి రావడానికి అయిదేళ్ళు పట్టింది. అప్పటికి యాభై దాటింది. ఏ ఉద్యోగానికీ ఆ వయసు పనికిరాదు. ఆ సంగతి నాకు బాధగా ఉండేది. ఒకసారి అడిగితే, “ఉద్యోగమని నేనెప్పుడన్న్యాను?” అని ఎదురడిగింది.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. ఫిబ్రవరిలో ఒకరోజు ఆమె నాలుగు కాగితాలు పట్టుకుని నా గదికి వచ్చింది. మండలాఫీసుకు ఇవ్వడానికి రాసిన అర్జీ. కరువు పనులు ఎప్పుడూ మే నెలలో మొదలుపెడతారు, అప్పటికి ఊర్లో సగం ఇళ్ళకు తాళాలు పడి ఉంటాయి, పనిని మార్చికే తెస్తే మనుషులు నిలుస్తారు. ఇదీ అందులో విషయం. ఋతు సంబంధమైన నిరుద్యోగిత అని పుస్తకం మాట ఒకసారి వాడింది. దాని కింద ఇంటింటికీ వరస రాసింది, ఏ ఇంటినుంచి ఎందరు పోతారు, ఏ నెలలో పోతారు, ఇంట్లో ఎవరు మిగులుతారు అని.

నేను రెండు అక్షరదోషాలు దిద్దాను. మొదట్లో ఆఫీసర్లకు నచ్చేటట్టు మర్యాద వాక్యాలు నాలుగైదు చేరుద్దామన్నాను.

“వద్దప్పా. వాళ్ళను పొగిడేదానికే పేజీ అయిపోతే మా సంగతి రాసేదానికి జాగా యాడుంటాది?” అంది. నేను కలం పక్కన పెట్టాను.

తన దగ్గర చదువుకున్న అయిదుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఆమె ఆఫీసుకు పోయింది. బడికి సెలవు పెట్టి నేను కూడా పోయాను. అక్కడి అధికారి కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి. నాలుగు పేజీలూ నిలబడే చదివి, “ఎవరు రాసిచ్చారమ్మా?” అని నా వైపు చూశాడు.

“నేనే సార్. బి.ఎ. సదివినాను” అంది ఆమె.

ఆయన ఆమెకు కుర్చీ చూపించాడు. ఇంటింటి వరస మీద చాలాసేపు ప్రశ్నలు వేశాడు. ఆమె ఏ ప్రశ్నకూ తడుముకోలేదు.

మార్చి రెండో వారంలో ఆ ఊరికి రోడ్డు పని వచ్చింది. అందరికీ సరిపడలేదు. కొన్ని ఇళ్ళవాళ్ళు ఎప్పటిలాగే పోయారు. మరుసటి సంవత్సరం మళ్ళీ ఆలస్యం చేశారు, ఆమె మళ్ళీ రాసింది. అదంతా నిజమే. కానీ ఆ మొదటి ఏడు మార్చి చివర్లో నేను ఆ ఊరికి పోయినప్పుడు ముందుగా నాకు వినిపించింది ప్రాథమిక బడిలోంచి పిల్లల గోల. అమ్మానాన్నలతో పాటు పిల్లలు కూడా సుగ్గికి పోతారు కాబట్టి ఆ నెలలో ఆ బడి దాదాపు ఖాళీగా ఉండేదట. అక్కడి మాస్టరు నన్ను వసారాలో కూర్చోబెట్టి, వార్షిక పరీక్షకు ఈసారి కాగితాలు చాలేటట్టు లేవు, ఇంతమంది ఉంటారని అనుకోలేదు అని ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పాడు. ముఖం మాత్రం ఫిర్యాదు చేసే మనిషిది కాదు. అక్కకని నా సంచిలో తెచ్చిన తెల్లకాగితాల దస్తా ఆయనకు ఇచ్చి, ఆమెను చూడడానికి రోడ్డు పని జరిగే వైపు నడిచాను.